బడి పిల్లలతో గల్ఫ్‌కు వెళ్లి రావడం ఎలా?

నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి, ధర్పల్లి, సిరికొండ, డిచ్‌పల్లి మండలాల్లో ఏ వాడకు వెళ్లినా దుబాయిలోనో మస్కట్‌లోనో రియాద్‌లోనో పనిచేసే మనిషి ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడుతున్న రోజుల్లోనే ఈ ప్రయాణం మొదలైంది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఆగలేదు. అప్పట్లో మగవాళ్లు ఒంటరిగా వెళ్లి, రెండేళ్లకోసారి లీవులో వచ్చేవాళ్లు. ఇప్పుడు ఏసీ టెక్నీషియన్లు, ఫోర్‌మన్లు, అకౌంటెంట్లు కొందరు ఫ్యామిలీ వీసా తీసి భార్యనూ పిల్లలనూ కొన్నేళ్లపాటు వెంట ఉంచుకుంటున్నారు. పిల్లలు నాన్న దగ్గర పెరుగుతారు, ఇంగ్లిష్ వస్తుంది, నాలుగు దేశాల పిల్లలతో కలిసి చదువుతారు. మంచి పనే. కానీ చాలా ఇళ్లలో ఈ పని టికెట్‌తో మొదలవుతుంది. అక్కడే చిక్కు.

గల్ఫ్‌లో మన వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ముగిస్తే ఇంటికే రావాలి. కాబట్టి మనం మొదట వేయాల్సిన లెక్క వెళ్లే తేదీది కాదు, తిరిగొచ్చే తరగతిది. పిల్లలు ఏ తరగతిలో మళ్లీ మన దగ్గర బడిలో కూర్చోవాలో తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తూ వద్దాం. ఇదివరకు పాస్‌పోర్టు కూడా చూడని వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి.

## కావలసినవి

అన్నీ ఒక్క ఫైలులో, పిల్లవాడికొక కవరు చొప్పున పెడదాం. ప్రతి కాగితం ఫోనులో స్కాన్ చేసి, ఆ కాపీలు ఇంట్లో ఉండే మరొకరికి కూడా పంపండి.

- పిల్లల పుట్టిన ధ్రువపత్రం. అందులో పిల్లవాడి పేరు తప్పకుండా ఉండాలి. పేరు రాయించకుండా వదిలేసిన పత్రాలు మన దగ్గర చాలా ఉన్నాయి. జననం రిజిస్టరైన నాటి నుంచి 15 ఏళ్లలోపు పేరు చేర్పించుకోవచ్చు.
- తల్లిదండ్రుల పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం. పెళ్లి ఫొటో, శుభలేఖ దీనికి బదులు కావు.
- అందరి పాస్‌పోర్టులు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు.
- ఒకటో తరగతి నుంచి ఇప్పటివరకు చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్.
- గత రెండు మూడేళ్ల ప్రోగ్రెస్ కార్డులు.
- టీకాల కార్డు. చిన్నప్పటి అంగన్‌వాడీ కార్డు చిరిగిపోయి ఉంటే ఏఎన్‌ఎం దగ్గర కానీ, టీకాలు వేయించిన ఆసుపత్రిలో కానీ మళ్లీ రాయించండి.
- ఆధార్, కుల ధ్రువపత్రం, బడి వాళ్లు ఇచ్చే పెన్ నంబరు. ఈ నంబరు దేశమంతటా ఆ పిల్లవాడి చదువుకు గుర్తు. తిరిగొచ్చి చేర్చేటప్పుడు అడుగుతారు.
- బదిలీ సర్టిఫికెట్, అంటే టీసీ. దీన్ని అన్నిటికంటే చివర్లో తీసుకుంటాం. ఎందుకో కింద చెప్తాను.

## చేసే పద్ధతి

### 1. తిరిగొచ్చే తరగతి తేల్చుకోవడం

కాగితం మీద ఒకటి నుంచి పన్నెండు వరకు అంకెలు వరసగా రాయండి. ఇంటర్ రెండేళ్లు పదకొండు, పన్నెండు అనుకుందాం. ప్రతి పిల్లవాడికీ ఇలాంటి వరస ఒకటి. ఇప్పుడు మూడు చోట్ల గుర్తులు పెడదాం.

మొదటి గుర్తు 9 నుంచి 12 వరకు. ఈ నాలుగు అంకెల చుట్టూ గట్టిగా గీత గీయండి. తెలంగాణలో ఎంబీబీఎస్ స్థానిక కోటా సీటుకు పోటీ పడాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2024 జులైలో వచ్చిన జీవో 33 ఈ నిబంధనను తెచ్చింది. దానిమీద హైకోర్టులో, తర్వాత సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల బదిలీల వంటి కొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది కానీ, గల్ఫ్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రి దాన్ని నమ్ముకుని పిల్లల చదువు నిర్ణయించకూడదు. మా వాడు డాక్టరు చదవడులే అని ఇప్పుడే అనుకోకండి. ఆరో తరగతి పిల్లవాడు పదేళ్ల తర్వాత ఏం కోరుకుంటాడో మనకెవరికీ తెలియదు. ఆ తలుపు తెరిచే ఉంచుదాం.

రెండో గుర్తు 1 నుంచి 7 వరకు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికత ఈ ఏడేళ్ల మీద ఆధారపడుతుంది. వీటిలో కనీసం నాలుగేళ్లు నిజామాబాద్ జిల్లాలో చదివితే నిజామాబాద్ స్థానికులు. జిల్లా పోస్టులకు మన జిల్లా, జోనల్ పోస్టులకు మన బాసర జోన్. ఈ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. గల్ఫ్ వెళ్లే ఇళ్లలో తొమ్మిది, పది తరగతుల సంగతి కొందరికైనా తెలుసు. ఈ ఒకటి నుంచి ఏడు సంగతి దాదాపు ఎవరూ పట్టించుకోరు. పిల్లవాడు ఇరవై ఏళ్లు దాటి నోటిఫికేషన్‌కు అప్లికేషన్ పెట్టేరోజున బయటపడుతుంది. అప్పుడు దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

మూడో గుర్తు అందరికీ అక్కర్లేదు. జవహర్ నవోదయలో ఆరో తరగతి సీటు ఆశిస్తే 3, 4, 5 తరగతులు గుర్తింపు ఉన్న బడిలో పూర్తి ఏడాది చొప్పున చదవాలి. అయిదో తరగతి అయితే ఏ జిల్లా సీటుకు రాస్తున్నారో ఆ జిల్లాలోనే చదవాలి. పాత జిల్లాకు నిజాంసాగర్ నవోదయ ఉండేది. జిల్లాల విభజనలో అది కామారెడ్డికి వెళ్లింది. 2024 డిసెంబరులో కేంద్రం మంజూరు చేసిన కొత్త నవోదయల్లో నిజామాబాద్ జిల్లాకు కూడా ఒకటి వచ్చింది. అందుకే మన వైపు తల్లిదండ్రులకు ఇప్పుడు ఇది ఆలోచించదగ్గ విషయం.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుని లెక్క వేద్దాం. పెద్దమ్మాయి 2027 ఏప్రిల్‌కు అయిదో తరగతి పూర్తి చేస్తుంది, చిన్నవాడు రెండో తరగతి. మూడేళ్లు వెళ్లి 2030లో వస్తారు. పెద్దమ్మాయి 6, 7, 8 అక్కడ చదివి, తొమ్మిదికి ఇక్కడ చేరుతుంది. 9 నుంచి 12 గీత చెక్కుచెదరలేదు. ఒకటి నుంచి అయిదు వరకు ఇక్కడే కాబట్టి ఉద్యోగ స్థానికతా పోలేదు. చిన్నవాడు 3, 4, 5 అక్కడ. ఇక్కడ చదివేవి 1, 2, 6, 7. సరిగ్గా నాలుగేళ్లు. నవోదయ మాత్రం వదులుకున్నట్టే.

ఇదే ఇల్లు ఇంకొక్క ఏడాది అక్కడే ఉండిపోతే? పెద్దమ్మాయికి తొమ్మిది అక్కడ అయిపోతుంది, నాలుగేళ్ల వరస తెగుతుంది. చిన్నవాడికి ఇక్కడి ఏళ్లు మూడే మిగులుతాయి. ఒక్క ఏడాదికి ఇద్దరి లెక్కా తప్పింది. మీ పిల్లల అంకెలతో ఇదే పని చేయండి. వచ్చిన ఆఖరి సంవత్సరం, నెల పెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితం ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి. బయలుదేరే ఏడాది తాజా ప్రాస్పెక్టస్, జీవోలు ఒకసారి చూసి ఈ లెక్కను సరిపోల్చుకోండి.

ఒక్కడే బిడ్డ అయితే నా సలహా నేరుగా ఉంటుంది. నాలుగో తరగతి ఇక్కడ ముగించి వెళ్లండి, ఎనిమిది అక్కడ ముగించి రండి.

### 2. డబ్బు, వీసా అర్హత చూసుకోవడం

ఫ్యామిలీ వీసా అందరికీ రాదు. యూఏఈలో నెల జీతం 4,000 దిర్హమ్‌లు, లేదా కంపెనీ ఇల్లిస్తే 3,000 దిర్హమ్‌లు ఉన్నవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. కానీ అర్హత వేరు, బతకగలగడం వేరు. నాలుగు వేల జీతంలో అద్దె, ఇద్దరి ఫీజు, బడి బస్సు, ఇన్సూరెన్స్ కట్టి ఇంటికి పంపడం కుదరదు. కంపెనీ ఇల్లు కానీ, పిల్లల ఫీజు కానీ భరిస్తుందో లేదో ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉండాలి. మేనేజరు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

సౌదీ అయితే మరో ఖర్చు ఉంది. ప్రైవేటు ఉద్యోగి మీద ఆధారపడిన ఒక్కో మనిషికి నెలకు 400 రియాళ్ల రుసుము. 2017లో వందతో మొదలై 2020కి నాలుగు వందలైంది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. ఈ రుసుము భారం మోయలేక కుటుంబాల్ని వెనక్కి పంపినవాళ్లు చాలామంది.

ఇక్కడ ఒక లెక్క వేసుకోండి. జీతంలోంచి అద్దె, ఫీజు, బస్సు, ఇన్సూరెన్స్, రుసుములు తీసేసి, ఇంటి దగ్గర తీర్చాల్సిన అప్పు కిస్తీ కూడా తీసేయండి. ఏమీ మిగలకపోతే కుటుంబం వెళ్లే సమయం ఇంకా రాలేదు. అప్పు తీరాక వెళ్దాం.

### 3. పేర్లు సరిచేసి పాస్‌పోర్టులు తీయడం

మన పిల్లలకు బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పుట్టిన పత్రంలో మరో పేరు ఉండటం మామూలే. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట అసలు లేదు. పాస్‌పోర్టుకు ముందే అన్నిటిలో అక్షరం అక్షరం ఒకేలా చేయించండి. పుట్టిన పత్రాన్ని ఆధారంగా తీసుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్చడం తేలిక.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకండి. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లకు యూఏఈ 2022 నవంబరు నుంచి ఆంక్ష పెట్టింది. పొడి అక్షరం కూడా వద్దు, ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి పిల్లల్ని వెంట తీసుకెళ్లాలి. పిల్లల దరఖాస్తులో తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనుబంధం ఉంటుంది. కాబట్టి నాన్న లీవులో వచ్చిన నెలలోనే ఈ పని ముగించండి. ఆయన తిరిగి విమానమెక్కాక మొదలుపెడితే ఆ ఒక్క సంతకం కోసం నెలలు పోతాయి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లకు ఇస్తారు. ఇప్పటికే ఉన్నవాళ్లు గడువు చూసుకోండి. మొదటి అడుగులో రాసుకున్న తిరుగు తేదీకి కనీసం ఆరు నెలలు పైన ఉండాలి.

తల్లి పదో తరగతి పాస్ కాకపోతే ఆమె పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అని ఉంటుంది. భయపడొద్దు. ఆ తనిఖీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు, భర్త వీసా మీద వెళ్లే భార్యకు కాదు. అయినా పెళ్లి పత్రం, భర్త రెసిడెన్సీ కార్డు కాపీ చేతిలో పెట్టుకుని వెళ్తే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు తగ్గుతాయి.

### 4. అక్కడ బడి సీటు ఖాయం చేసుకోవడం

తాత్కాలికంగా వెళ్లేవాళ్లకు నేను సీబీఎస్‌ఈ బడినే చెప్తాను. తిరిగొచ్చాక బోర్డు సమానత్వం నిరూపించే పని ఉండదు. పాఠాలూ మన పాఠాలకు దగ్గరగా ఉంటాయి. బ్రిటిష్, అమెరికన్ సిలబస్ బడులు బాగుంటాయి కానీ మూడేళ్ల కోసం పిల్లవాణ్ని అటు మళ్లించి మళ్లీ ఇటు తిప్పడం వాడికి కష్టం.

గల్ఫ్‌లో మనవాళ్ల బడులు కొత్తవి కావు. దుబాయిలో ఇండియన్ హైస్కూల్ 1961 నుంచీ, ఒమాన్‌లో ఇండియన్ స్కూల్ మస్కట్ 1975 నుంచీ నడుస్తున్నాయి. షార్జాలో ఇండియన్ అసోసియేషన్ నడిపే షార్జా ఇండియన్ స్కూల్ ఉంది. సౌదీలో రియాద్, జెడ్డా, దమ్మామ్‌లలో భారత ఎంబసీ ఆధ్వర్యంలో ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లున్నాయి. మంచి బడుల్లో సీట్లకు పోటీ ఎక్కువ. నాన్న అక్కడే ఉంటే ముందు ఏడాది చలికాలంలోనే రెండు మూడు బడులకు స్వయంగా వెళ్లి అడగాలి. ఇల్లు బడి బస్సు వచ్చే చోట తీసుకోండి. ముందు ఇల్లు తీసుకుని తర్వాత బడి వెతికితే పిల్లలు రోజుకు రెండు గంటలు బస్సులో కూర్చుంటారు.

ఇప్పుడు నెలల లెక్క. మన బడులు జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తాయి. గల్ఫ్‌లోని ఇండియన్ బడులు ఏప్రిల్ మొదట్లోనే కొత్త తరగతి మొదలుపెట్టేస్తాయి. ఎండాకాలం సెలవులు అక్కడ జులై, ఆగస్టు. అంటే ఇక్కడ పిల్లవాడు ఏప్రిల్‌లో వార్షిక పరీక్ష రాస్తుండగా అక్కడ పై తరగతి పాఠం నడుస్తూ ఉంటుంది. హెడ్‌మాస్టరుకు ముందే సంగతి చెప్పి, సీటు కోసం బోనఫైడ్, అర్ధ సంవత్సర మార్కులు పంపి, పరీక్ష అవగానే బయలుదేరేలా చూసుకుందాం. రెండు మూడు వారాల పాఠాలు పోతాయి, పరవాలేదు. ఏప్రిల్ కుదరకపోతే ఆగస్టు చివర్లో వెళ్లి సెప్టెంబరులో చేరడం మేలు. ఇక్కడ సెలవులు, ఇంట్లో ఖాళీ అని మేలోనో జూన్ చివరనో వెళ్లేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో అది అన్నిటికన్నా చెడ్డ సమయం. పిల్లలు చేరీ చేరగానే అక్కడ సెలవులొస్తాయి. బయట ఎండ నలభై అయిదు దాటుతుంది. స్నేహితులు లేరు, ఆటస్థలం లేదు, రెండు నెలలు ఒక గదిలో ఫోను చూస్తూ గడుపుతారు.

తిరిగొచ్చేటప్పుడు ఇదే తేడా మనకు కలిసొస్తుంది. అక్కడ మార్చిలో పరీక్షలవుతాయి, ఇక్కడ బడి జూన్‌లో తెరుస్తారు. మధ్యలో రెండు నెలలు మన చేతిలో ఉంటాయి.

### 5. టీసీ, అటెస్టేషన్

అక్కడి బడి నుంచి సీటు ఇచ్చినట్టు కాగితం చేతికొచ్చాకే టీసీ అడగండి. ముందే తీసుకుని వీసా ఆలస్యమైతే పిల్లవాడు ఏ బడిలోనూ లేనట్టే. టీసీలో ఫలానా తరగతి పాసై ఫలానా తరగతికి అర్హుడని స్పష్టంగా రాయించండి. "వెళ్లిపోయాడు" అని ఒక్క మాట రాసిన టీసీని అక్కడ తిప్పి పంపుతారు.

ఆ తర్వాత అటెస్టేషన్, అంటే ముద్రల వరస. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తాం.

1. బడి ముద్ర, హెడ్‌మాస్టరు సంతకం.
2. జిల్లా విద్యాధికారి కౌంటర్ సంతకం.
3. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ.
4. విదేశాంగ శాఖ ముద్ర.
5. వెళ్లే దేశాన్ని బట్టి ఎంబసీ ముద్ర.

సౌదీ, ఒమాన్, బహ్రెయిన్ ఒకే ముద్రను పరస్పరం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలు. వాటికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్‌తో పని అయిపోతుంది. యూఏఈ, ఖతర్, కువైట్‌లకు ఆ పైన ఎంబసీ ముద్ర కూడా కావాలి. పుట్టిన పత్రం, పెళ్లి పత్రం కూడా ఇలాగే, కాకపోతే విద్యాధికారి సంతకం ఉండదు. అవి రెండూ టీసీ కోసం ఆగక్కర్లేదు, ముందే చేయించండి. లామినేషన్ చేసిన పత్రం మీద ముద్ర పడదు. కాబట్టి భద్రంగా ఉంటుందని ఏ కాగితాన్నీ లామినేట్ చేయకండి.

టీసీ తీసుకున్న రోజే ఆ బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. మన వైపు చిన్న ప్రైవేటు బడులు పేరు మారుతుంటాయి, మూతపడుతుంటాయి. పదేళ్ల తర్వాత రికార్డు కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగడం కన్నా ఇప్పుడు ఒక పూట బడిలో కూర్చోవడం నయం.

### 6. ఇల్లు సర్దడం, పెట్టె కట్టడం

బ్యాంకుకూ ఆధార్‌కూ లింకైన ఇక్కడి సిమ్ ఏదో, అది ఎవరి దగ్గర ఉంటుందో తేల్చండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రీఛార్జి చేయక సిమ్ పోతే మొత్తం చిక్కులో పడతాం. పిల్లలకు ఆధార్ బయోమెట్రిక్స్ అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి తప్పనిసరి. వెళ్లేలోపు అయిదో ఏడు దాటితే చేయించుకునే వెళ్లండి.

పెట్టెలో అమ్మమ్మ కట్టిచ్చే మసాలా పొడుల సంగతి ముఖ్యం. గసగసాలు యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో నిషేధం. అక్కడ వాటిని మత్తుపదార్థాల లెక్కలో చూస్తారు. విడిగా వద్దు, మసాలా పొడిలో కలిపినా వద్దు. దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు కూడా తీసుకెళ్లొద్దు. పిల్లలకు రోజూ వాడే మందు ఏదైనా ఉంటే డాక్టరు చీటీతో, అసలు డబ్బాలోనే పెట్టండి. ఊళ్లో ఎవరైనా మా తమ్ముడికి ఈ చిన్న పొట్లం ఇవ్వండి అని తెస్తే, ముందే విప్పి చూసి, ఏముందో తెలిస్తేనే పెట్టండి. విప్పనివ్వకపోతే వద్దని చెప్పేయండి. మొహమాటం వల్ల జైలుకెళ్లినవాళ్లున్నారు.

తెలుగు పాఠ్యపుస్తకాలు రెండు తరగతులవి పెట్టండి, ఇప్పటిదీ పైదీ. కారణం తర్వాతి అడుగులో ఉంది. ఇందల్వాయి నుంచి శంషాబాద్‌కు కారులో నాలుగు గంటలకు పైగా వేసుకోండి. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి.

### 7. అక్కడ మొదటి నెలలు

యూఏఈలో పెద్దవాళ్లకు వైద్య పరీక్ష, అందరికీ రెసిడెన్సీ అనుమతి, ఎమిరేట్స్ ఐడీ, ఆ తర్వాతే బడిలో పూర్తి అడ్మిషన్. మొదటి వారంలోనే ఈ పనులు మొదలుపెట్టాలి. బడి బస్సు తెల్లవారగానే వస్తుంది. కాబట్టి వెళ్లిన రోజు నుంచే పిల్లల్ని పెందలాడే పడుకోబెట్టడం అలవాటు చేయండి.

యూఏఈలో ప్రైవేటు బడుల్లో తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. హిందీ, ఇంగ్లిష్ ఎలాగూ ఉంటాయి. చాలా బడుల్లో తెలుగు ఉండదు. ఇక్కడేమో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ పదో తరగతి వరకు తెలుగు నేర్పాల్సిందే. కొత్తగా తెలుగు చదివేవాళ్లకోసం "వెన్నెల" పేరుతో సులభ వాచకం ఉంది కానీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు దాని దాకా వెళ్లాల్సిన పనిలేదు. రోజుకు ఇరవై నిమిషాలు పెద్దగా చదివించండి, అర పేజీ రాయించండి. మాట్లాడటం ఎలాగూ మరవరు. పోయేది రాత. ఒత్తులు, గుణింతాలు ఆరు నెలలు రాయకపోతే జారిపోతాయి. వారానికోసారి నానమ్మకు ఒక ఉత్తరం రాయించి ఫొటో తీసి పంపించండి. ఆమె తప్పులు దిద్దకపోయినా పరవాలేదు, తిరిగి ఒక మాట పంపితే చాలు. పిల్లలు మళ్లీ రాస్తారు.

ఫోను సంగతి కూడా ముందే పెద్దవాళ్లకు చెప్పి వెళ్లండి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ తాత ఫోనులో వేసి, నొక్కడం నేర్పించి బయలుదేరండి. దుబాయి మనకన్నా గంటన్నర వెనుక, సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ తాత నిద్రపోయే వేళ.

### 8. తిరుగు ప్రయాణం

ఆఖరి ఏడాది జనవరిలోనే బడికి చెప్పండి. మార్చి పరీక్షలవగానే టీసీ, మూడేళ్ల మార్కుల పత్రాలు తీసుకోండి. వాటి మీద అక్కడి విద్యాశాఖ, విదేశాంగ శాఖ ముద్రలు అవసరమా అని ఇక్కడ చేరబోయే బడిని అడిగి, అక్కడున్నప్పుడే వేయించండి. విమానమెక్కాక ఒక ముద్ర కోసం వెనక్కి పంపడం చాలా ఖర్చు.

ఏప్రిల్, మే నెలల్లో పిల్లల్ని తెలుగు రాతలో కూర్చోబెట్టండి. తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రంలో తెలంగాణ చరిత్ర, భూగోళం పాఠాలు కొత్తగా తగులుతాయి, ఎనిమిదో తరగతి పుస్తకం ఒకసారి చదివించండి. జూన్‌లో చేర్చేటప్పుడు పాత పెన్ నంబరు ఇచ్చి అదే కొనసాగేలా చూడండి. కొత్తది పుట్టిస్తే ఒక పిల్లవాడికి రెండు రికార్డులవుతాయి.

## తరచుగా జరిగే పొరపాట్లు

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అనుకోవడం. రెసిడెన్సీ లేకుండా బడి అడ్మిషన్ పూర్తి కాదు. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా, మనిషికొకటి. నలుగురున్న ఇంట్లో అది నెల రోజుల్లో ఒక జీతాన్ని మింగేస్తుంది.

పదో తరగతికి నేరుగా తీసుకెళ్లడం. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పదకొండు తరగతుల్లో రిజిస్ట్రేషన్ జరుగుతుంది. పదిలో, పన్నెండులో కొత్తగా చేర్చుకోవడం ప్రత్యేక కారణాలుంటే తప్ప కుదరదు. ఇక్కడ తొమ్మిది స్టేట్ సిలబస్‌లో చదివి అక్కడ పదిలో చేరదామనుకునేవాళ్లు సీటు లేక ఏడాది పోగొట్టుకుంటారు.

ఒక తరగతి తగ్గించి చేర్చడం. ఇంగ్లిష్ రాదని భయపడి చాలామంది ఒప్పేసుకుంటారు. ఆ ఏడాది తేడా మనం వేసుకున్న లెక్కంతటినీ జరిపేస్తుంది. బడి తప్పదంటే ఒప్పుకునే ముందు అంకెల కాగితం తీసి మళ్లీ లెక్కించండి.

పిల్లలకు చెప్పకపోవడం. ఎంతకాలం ఉంటాం, ఎప్పుడు వస్తాం అని వాళ్లకు మొదటే చెప్పాలి. లేకపోతే అక్కడ కుదురుకున్న పిల్ల ఎనిమిదో తరగతి చివర వచ్చేయాలంటే ఎదురుతిరుగుతుంది. ఆ వయసులో అది న్యాయమే.

చివరిది, అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. ఇంకో ఏడాది ఉందాం అనుకోవడం. సరిగ్గా పెద్దపిల్ల ఎనిమిదిలో ఉన్నప్పుడు కంపెనీ కాంట్రాక్టు మరో రెండేళ్లు పొడిగిస్తుంది, జీతం కాస్త పెంచుతుంది. కాదనడం కష్టం. అలాంటప్పుడు ఉద్యోగం వదలక్కర్లేదు. తల్లీ పిల్లలు మార్చిలో వచ్చేసి జూన్‌లో ఇక్కడి బడిలో చేరతారు, తండ్రి అక్కడే ఉండి ఆ రెండేళ్లు పూర్తి చేస్తాడు. ఈ మాట బయలుదేరకముందే భార్యాభర్తలిద్దరూ అనుకుని, ఫైలులో పైన పెట్టిన ఆ కాగితం మీద తేదీ కిందనే రాసుకోండి.